సూపర్‌మ్యాన్‌ది ఏం కులం?

"సార్, సూపర్‌మ్యాన్‌ది ఏం కులం?"

ఏడో తరగతి పిలగాడు అడిగాడు. క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మన ఊళ్ళో దేవుడికి కులముంది, బావికి కులముంది, కాటికి కూడా కులముంది. మరి ఆకాశంలో ఎగిరేటోడికి ఎందుకుండదని వాడి అనుమానం. న్యాయమైన అనుమానమే.

జవాబు కోసం నేను పుస్తకాలు చదవాల్సి వచ్చింది. నా దగ్గర చదువుకొని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న ఒక తమ్ముడు అమెరికా బొమ్మల పుస్తకాలు కొన్ని తెచ్చిచ్చాడు. డీసీ అనే కంపెనీ 2024 అక్టోబరులో 'అబ్సల్యూట్' పేరుతో మొదలుపెట్టిన కొత్త వరుస అది. ఇంగ్లీషు పుస్తకాలు. డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివాను.

ముందు పాత బ్యాట్‌మ్యాన్ సంగతి చూద్దాం. 1939లో పుట్టిన ఆ వీరుడు కోటీశ్వరుడు. పెద్ద బంగళా, పక్కన నౌకరు. రాత్రయితే ముసుగేసుకొని వీధుల్లో దొంగల్ని తంతాడు. ఆ దొంగలు ఎందుకు దొంగలయ్యారు? ఆయనకంత ఆస్తి ఎక్కడిది? ఆ కథలు ఈ మాట అడిగింది తక్కువ. మనకిది తెలియని కథా? మన ఊళ్ళల్ల దొరలు కూడా తన్నారు. కాకపోతే పట్టపగలే తన్నారు, ముసుగు అక్కర కూడా రాలేదు.

కొత్త పుస్తకంలో ఆ బంగళా లేదు, ఆస్తి లేదు. స్కాట్ స్నైడర్ రాసి, నిక్ డ్రగోట్టా బొమ్మలు గీసిన ఈ కథలో బ్యాట్‌మ్యాన్ తండ్రి బడిపంతులు. పిల్లల్ని జూకు తీసుకపోయినప్పుడు ఒకడు తుపాకితో కాల్పులకు దిగితే, పిల్లల్ని కాపాడుతూ ప్రాణం విడుస్తాడు. కొడుకు పెరిగి ఇంజనీరవుతాడు. రొమ్ము మీది గబ్బిలం గుర్తును ఊడదీసి గొడ్డలిగా వాడతాడు. నేనూ బడిపంతులునే కాబట్టి ఆ పేజీలు త్వరగా తిప్పలేకపోయాను.

గబ్బిలం అనగానే మనకు గుర్తొచ్చేది జాషువా కదా! గుడిలోకి అంటరానివాడికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే ఆయన 1941లో ఆ గబ్బిలంతోనే శివుడికి మన గోడు చెప్పించాడు. అమెరికావాళ్ళ గబ్బిలం ధనవంతుడి ఇల్లు విడిచి పంతులు కొడుకు రొమ్ము మీద వాలడానికి ఎనభై అయిదేళ్ళు పట్టింది. మన గబ్బిలం మొదటినుంచీ పేదోడి ఇంట్లోనే ఉంది.

ఇక సూపర్‌మ్యాన్. 2024 నవంబరులో మొదలైన ఈ పుస్తకాన్ని జేసన్ ఆరన్ రాశాడు, రఫా సాండొవల్ గీశాడు. సూపర్‌మ్యాన్ పుట్టిన క్రిప్టాన్ అనే లోకంలో మనుషుల్ని చేసే పనిని బట్టి అంతస్తులుగా విడగొట్టి పెట్టారు. శాస్త్రం చదివిన పెద్దలు పైన, రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ళు కింద. సూపర్‌మ్యాన్ అమ్మానాయనలు ఆ కింది వాళ్ళు. లోకమంతా బనీన్ల మీద వేసుకునే ఆ రొమ్ము గుర్తు ఈ కథలో కూలోళ్ళకు వేసిన ముద్ర. సిగ్గుపడాలని వేసిన ముద్రను వాడు రొమ్ము మీద పెట్టుకొని తిరుగుతాడు. భూమ్మీదికొచ్చినాక కూడా గనుల్లో కంపెనీ పీల్చి పిప్పిచేసే కూలీల పక్కనే నిలబడతాడు.

ఇంకో సంగతి. సూపర్‌మ్యాన్‌ను 1938లో పుట్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ ఇద్దరూ వలసొచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. ఆ హీరో మీది హక్కులన్నీ 130 డాలర్లకు కంపెనీకి రాసిచ్చారు. తర్వాత కంపెనీలు కోట్లు గడించాయి. చెప్పు కుట్టినోడి కాలికి చెప్పుండదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ముసుగు ముచ్చట కూడా మనదే. సూపర్‌మ్యాన్ పట్నంలో కళ్ళద్దాలు పెట్టుకొని పేరు మార్చుకొని బతుకుతాడు. మన పిలగాండ్లు పట్నంలో కిరాయి ఇంటి కోసం ఇంటిపేరు మింగేస్తారు. గోడ మీది అంబేద్కర్ పటం పెట్టెలో దాస్తారు. వాడు బలాన్ని దాచుకుంటున్నాడు, మనం పుట్టుకను దాచుకుంటున్నాం. తేడా అంతే.

కాబట్టి ఈ పుస్తకాలు మంచివే అంటాను. హీరో ఎవరింట్లో పుట్టాడన్నది చిన్న సంగతి కాదు. మన దేశంలో 1967లో మొదలైన అమర చిత్ర కథలు చూడండి. రాజులు, దేవుళ్ళు తెల్లగా ఉంటారు. రాక్షసులు నల్లగా, కోరలతో ఉంటారు. నల్లపిల్ల ఆ పుస్తకం చదివి తన మొహం ఎక్కడ వెతుక్కోవాలి? బాబాసాహెబ్ కథ అందులో 1979 దాకా రాలేదు.

అయితే ఒక పేచీ ఉంది. కూలోడి కొడుకైనా, పంతులు కొడుకైనా చివరికి ఎగిరేది ఒక్కడే, కొట్టేది ఒక్కడే. జనం కింద నిలబడి పైకి చూస్తుంటారు. ఈ చూపు మనకు మంచిది కాదు. ఎవడో వస్తాడని చూసీ చూసీ మన మెడలు నొప్పి పుట్టాయి.

1927 మార్చి 20న మహద్‌లో ఏం జరిగింది? బాబాసాహెబ్ ముందు నడిచాడు, నిజమే. కానీ వెనక వేలమంది నడిచి చౌదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ రోజు ఆకాశంలో ఎగిరినోడెవడూ లేడు. 1985లో కారంచేడులో మున్నంగి సువార్త చేతిలో గొడ్డలి లేదు, నీళ్ళబిందె ఉంది. ఆ బిందె ఎత్తింది. ఊరి పెద్దకులం మీదపడి ఆరుగురిని చంపింది. ఆ తర్వాత దళితులు ఒక్క హీరో కోసం ఎదురుచూడలేదు. చీరాల శిబిరంలో కూడి సంఘం కట్టారు. ఇది బొమ్మల కథకు పనికిరాదా?

పనికొస్తుందని చూపించినవాళ్ళున్నారు. 2011లో వచ్చిన 'భీమాయన'లో బాబాసాహెబ్ జీవితాన్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు గీశారు. గడులు గీసి మనుషుల్ని అందులో ఇరికించలేదు. తమ తాతముత్తాతల గీతలతోనే గీశారు.

మనకూ గీత ఉంది. డక్కలోళ్ళు మాదిగవాడకొచ్చి జాంబపురాణం చెప్పేటప్పుడు బట్ట మీద గీసిన పటం విప్పుతారు. వరుసలు వరుసలుగా బొమ్మలు, ఒక్కో బొమ్మకు ఒక్కో కథ. అది బొమ్మల పుస్తకం కాక మరేంటి? అందులో జాంబవంతుడు భూమి కంటే ముందే పుట్టినోడు. అట్లాంటి పటాలు గీసే నకాషీ చిత్రకారులు చేర్యాలలో ఉన్నారు. డక్కలోళ్ళను కూడా తక్కువ చూపు చూసిన పాపం మనలో ఉంది. ముందు అది కడుక్కోవాలి.

సంఘాలు నడిపే అన్నలకు, అక్కలకు నా మాట ఒక్కటే. ఏప్రిల్ 14కు ఫ్లెక్సీలకు, డీజేలకు పెట్టే డబ్బులో కొంత పక్కన పెట్టండి. పటం కథ చెప్పేవాళ్ళను బడికి, హాస్టల్‌కు పిలిపించండి. ఊరి బావిలో మొదట చేద వేసిందెవరో, చెప్పులేసుకొని దొర వాకిలి ముందు మొదట నడిచిందెవరో ముసలోళ్ళను అడిగి పిల్లలతో గీయించండి. ఒక్కడి బొమ్మ కాదు, వెనకున్న పదిమంది మొహాలు కూడా ఉండాలి. మన బొమ్మ మనం గీయకపోతే ఇంకొకడు గీస్తాడు, కోరలు పెట్టి గీస్తాడు.

ఆ పిలగాడికి మర్నాడు జవాబు చెప్పాను.

"కూలోళ్ళ పిలగాడట్రా."

వాడు కాసేపు ఆలోచించి అన్నాడు: "మరి వాళ్ళ వాడల అందరు ఎగురుతరా సార్, వాడొక్కడేనా?"

ఈ ప్రశ్న అమెరికా కంపెనీకి కాదు, మనకు.

జై భీమ్!