మూలుగలోని మూలకణం

మన దేహంలో ప్రతి రోజూ దాదాపు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలు కొత్తగా పుడుతున్నాయి. ఒక్కోదాని ఆయువు సుమారు 120 రోజులే. ఈ ఎడతెగని పుట్టుకకు ఆధారం ఎముక మూలుగలో ఉండే కొద్దిపాటి మూలకణాలు.

వాటి ఉనికికి తొలి బలమైన ఆధారం 1961లో టొరంటోలో లభించింది. జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెక్‌కల్లక్ అనే శాస్త్రజ్ఞులు వికిరణంతో మూలుగ దెబ్బతిన్న చిట్టెలుకలకు ఆరోగ్యవంతమైన మూలుగను ఎక్కించారు. కొన్ని రోజులకు వాటి ప్లీహంపై బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె ఒక్కో కణపు సంతానమని తరువాత రుజువైంది.

ల్యుకేమియా ఈ పునరుత్పత్తి శక్తినే దొంగిలిస్తుంది. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో వ్యాధిని మళ్లీ మొలిపించగలిగేవి అతి కొద్ది కణాలేనని 1994లో అదే నగరంలో జాన్ డిక్ బృందం చూపింది. కీమోథెరపీ మందులు ముఖ్యంగా వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. నిద్రాణంగా ఉన్నవి తప్పించుకోగలవు. తగ్గిందనుకున్న జబ్బు తిరగబెట్టడానికి ఇదొక కారణం.

అప్పుడు కొందరికి దాత మూలకణాలే ఆశ. ఒక తోబుట్టువు పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. తీరా చెల్లెలు సరిపోయిందంటే, "పెళ్లి కావలసిన పిల్ల, ఎముకలు గుల్లబారవా?" అని పెద్దలు వెనుకాడతారు. ఈ భయం సహజమే గాని నిరాధారం. ఎముకను ఎవరూ తీయరు. నేడు ఎక్కువగా చేతి సిర నుండి వచ్చే రక్తంలోంచే మూలకణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఎక్కిస్తారు. ముందు ఇచ్చే ఇంజెక్షన్ల వల్ల కొన్నాళ్లు ఒళ్లునొప్పులు ఉంటాయి. ఆ మాట ఆమెకు దాచకుండా చెప్పాలి. మూలుగ నుండే తీసినా, కొన్ని వారాల్లో అది మళ్లీ నిండుతుంది.