మందు కన్నా ముందు గది

వినాయక చవితి పూజకు తెచ్చే ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త ఆకు ఒకటి. అదే మొక్కకు కాసే ముళ్లకాయ జోలికి వెళ్లొద్దని పెద్దలు పిల్లలను గట్టిగా హెచ్చరిస్తారు. ఆ గింజలు తిన్నవాడికి నోరు ఎండిపోతుంది, ఒళ్లు కాలిపోతుంది, కంటిపాపలు విచ్చుకుంటాయి. ఎదుట లేని మనుషులతో మాట్లాడటం మొదలుపెడతాడు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది.

ఆ మొక్కలో ఉండే అట్రోపిన్ మాత్రం ప్రభుత్వాసుపత్రుల ఎమర్జెన్సీ వార్డులో నర్సు చేతికందేంత దూరంలో ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు తాగిన రైతును తీసుకొస్తే వెంటనే ఎక్కించే మందు అదే. మోతాదు కాస్త మించితే ఆ రోగి గాల్లో ఏదో ఏరుతున్నట్టు చేతులాడిస్తాడు, మంచం దిగి వెళ్లిపోబోతాడు. విషం తలకెక్కిందని ఇంటివాళ్లు ఏడుస్తారు. అది అట్రోపిన్ ఎక్కువైన లక్షణమని డ్యూటీ డాక్టరుకు తెలుసు. డ్రిప్ తగ్గించి, పక్కన మనిషిని పెట్టి, తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉంటాడు.

భ్రాంతి కలిగించే పదార్థాలతో మానసిక రోగాలు నయం చేయవచ్చా అని పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు నడుస్తున్న చర్చను ఆ వార్డులో నిలబడి వింటే చాలా సంగతులు తేటపడతాయి. ఆ చర్చలో ముందు వినిపించే పేర్లు రెండు: కొన్ని రకాల పుట్టగొడుగుల్లో ఉండే సిలోసైబిన్, ప్రయోగశాలలో పుట్టిన ఎల్‌ఎస్‌డీ. ఇవి ఉమ్మెత్త జాతివి కావు. మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేస్తాయి. సారాయిలా, నల్లమందులా ఒంటికి అలవాటు కావు. ఈ ఒక్క మాట పట్టుకుని వీటిని నిరపాయమని ప్రచారం చేసేవారు బయల్దేరారు. ప్రమాదమన్న ఒక్క మాట పట్టుకుని పరిశోధనకే తలుపులు మూసినవారు అంతకు ముందే ఉన్నారు.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, సాండోజ్ కంపెనీలో ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేశాడు. దాని సంగతేమిటో తేల్చుకోవాలని 1943 ఏప్రిల్ 19న పావు మిల్లీగ్రాము తానే మింగాడు. కాసేపటికే నిలవలేక సహాయకురాలిని వెంటబెట్టుకుని సైకిలు మీద ఇంటికి బయల్దేరాడు. పాలు తెచ్చిచ్చిన పొరుగింటావిడ అతని కంటికి మంత్రగత్తెలా కనిపించింది. పిచ్చెక్కిపోయిందనీ, చచ్చిపోతున్నాననీ వణికిపోయాడు. డాక్టరు వచ్చి చూస్తే నాడి బాగుంది, రక్తపోటు బాగుంది, కంటిపాపలు మాత్రం విచ్చుకున్నాయి. ఆ మాట చెప్పాక హాఫ్‌మన్ భయం మెల్లగా దిగింది. మందు ఒంట్లోనే ఉంది, మంచం పక్కన నమ్మకమైన మనిషి ఉన్నాడు. ఎనభై ఏళ్ల తర్వాత వైద్యులు కట్టుకుంటున్న చికిత్స పద్ధతంతా దాదాపు ఆ సాయంత్రంలోనే ఉంది.

ఈ చికిత్స చేసే గదిని చూడండి. రోగికి గానీ రక్తసంబంధీకులకు గానీ స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బులున్నాయేమో ముందే ఆరా తీస్తారు, ఉంటే సాధారణంగా పరీక్షల్లోకి తీసుకోరు. గుండె చూస్తారు. రోగితో కొన్ని దఫాలు కూర్చుని, ఆ రోజు ఏం జరగవచ్చో, భయం వేస్తే ఏం చేయాలో చెబుతారు. మందు ఇచ్చిన రోజు కళ్లకు గంతలు, చెవులకు మెల్లని సంగీతం, పక్కన శిక్షణ పొందిన ఇద్దరు, ఆరు నుంచి ఎనిమిది గంటల కాపలా. తర్వాతి రోజుల్లో మళ్లీ కూర్చోబెట్టి, చూసినదాన్నీ ఏడ్చినదాన్నీ మాటల్లో పెట్టిస్తారు. మాత్ర మింగడం ఇందులో ఒక్క నిమిషం పని.

ఫలితాల్లో ఆశపడదగ్గవి ఉన్నాయి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో క్యాన్సర్‌తో పాటు మరణభయంతో కుంగిపోయిన 51 మందికి సిలోసైబిన్ ఇచ్చారు. ఆరు నెలల తర్వాత కూడా దాదాపు 80 శాతం మందిలో కుంగుబాటు, ఆందోళన చెప్పుకోదగ్గంత తగ్గే ఉన్నాయి. కనీసం రెండు మందులు వాడినా గుణం కనిపించని 233 మంది డిప్రెషన్ రోగులపై జరిగిన పెద్ద పరీక్ష 2022లో వెలువడింది. అందులో 25 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో 37 శాతం మందికి మూడు వారాలకు ఉపశమనం కనిపించింది. నామమాత్రంగా ఒక్క మిల్లీగ్రాము తీసుకున్నవారిలో అది 18 శాతం. పన్నెండు వారాల దాకా ఆ ఉపశమనం నిలిచింది మాత్రం 25 మిల్లీగ్రాముల వారిలో 20 శాతం మందికే. కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు కూడా నమోదయ్యాయి. ఏళ్ల తరబడి చీకట్లో ఉన్నవారికి ఈ ఉపశమనం చిన్న సంగతి కాదు. ఇంటిల్లిపాదికీ మంచిదని చెప్పే సంగతీ కాదు.

గది లేకుండా ఇదే రకం మందు ఒంట్లోకి వెళితే ఏమవుతుందో కూడా చరిత్రలో రాసి ఉంది. 1953 నవంబరులో అమెరికా సైన్యం తరఫున పనిచేస్తున్న ఫ్రాంక్ ఓల్సన్ అనే శాస్త్రవేత్తకు సీఐఏ అధికారులు చెప్పకుండా పానీయంలో ఎల్‌ఎస్‌డీ కలిపి ఇచ్చారు. కొన్ని రోజులకు ఆయన న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. అసలు సంగతి కుటుంబానికి తెలిసింది 1975లో. 2023 అక్టోబరులో అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా, సెలవులో ఉండి కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్ ఒకరు ఇంజన్లు ఆపేసే పిడులు లాగబోయాడు. లోపల ఎనభై మందికి పైగా ఉన్నారు. తోటి పైలట్లు ఆపబట్టి బతికారు. కొంతకాలంగా కుంగుబాటుతో ఉన్నాననీ, రెండు రోజుల కిందట తొలిసారి సిలోసైబిన్ ఉన్న పుట్టగొడుగులు తిన్నాననీ అతను పోలీసులకు చెప్పాడు. అతనికి కావలసింది చికిత్స. దొరికింది పుట్టగొడుగు ఒక్కటే.

గది ఉన్నా చాలదు, అందులో కూర్చునేవారిని నమ్మగలగాలి. ఇదే కోవలో వాడుతున్న ఎండీఎంఏపై కెనడాలో జరిగిన ఒక పరీక్షలో చికిత్స చేసేవారే మందు ప్రభావంలో ఉన్న రోగితో అనుచితంగా ప్రవర్తించారు. ఆ వ్యవహారంతో ముడిపడిన మూడు పరిశోధన వ్యాసాలను 2024లో ఒక పత్రిక వెనక్కి తీసుకుంది. అదే ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎండీఎంఏ చికిత్సకు అనుమతి నిరాకరించి, మరో పెద్ద పరీక్ష చేసి రమ్మంది. అది సరైన నిర్ణయం. తాను ఏ మందు మింగాడో రోగికి కాసేపట్లోనే తెలిసిపోయే ఇలాంటి పరీక్షల్లో, గుణం ఎంత మందుది, ఎంత ఆశది అని విడదీయడం కష్టం.

మన సంగతికొస్తే, 2017 జూలైలో హైదరాబాద్‌లో తెలంగాణ ఎక్సైజ్ అధికారులు బ్లాట్స్ అనే ఎల్‌ఎస్‌డీ కాగితపు ముక్కలు అమ్మే ముఠాను పట్టుకున్నప్పుడు కొన్నవారిలో బడి పిల్లలు కూడా ఉన్నారని బయటపడింది. ఆ కేసులో వినిపించిన సినిమావాళ్ల పేర్ల హోరులో ఆ పిల్లల సంగతి అడుగున పడిపోయింది. తపాలా బిళ్లలో ముక్కంత ఉండే ఆ కాగితం మీద నిజంగా ఎల్‌ఎస్‌డీయే ఉందని చెప్పగలిగేవారు లేరు. ఎన్‌బోమ్ అనే కృత్రిమ రసాయనాన్ని అదే పేరుతో అమ్మితే మింగి ప్రాణాలు పోగొట్టుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు. చట్టం సంగతి కూడా పిల్లలకు తెలియాలి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద ఎల్‌ఎస్‌డీ గ్రాములో పదో వంతుకు మించి దొరికితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు.

అదే చట్టంలోని ఎనిమిదో సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాలకు దారి వదిలింది. ఆ దారిలో నడవాలి. ఆస్ట్రేలియా 2023 జూలై 1 నుంచి ప్రత్యేక అనుమతి పొందిన మానసిక వైద్యులకు మాత్రమే సిలోసైబిన్ రాసే వీలు కల్పించింది. మన దేశం ఇప్పుడే అంత దూరం వెళ్లనక్కర్లేదు. బెంగళూరులోని నిమ్హాన్స్ లాంటి సంస్థల్లో కట్టుదిట్టమైన పరీక్షలకు కేంద్రం చొరవ చూపాలి. మన రోగుల మీద, మన భాషల్లో, మన కుటుంబాల మధ్య ఇది పనిచేస్తుందో లేదో మన వైద్యులే తేల్చాలి. మత్తుమందుగా దశాబ్దాలుగా మన ఆసుపత్రుల్లో ఉన్న కెటమిన్‌ను మొండి డిప్రెషన్‌కు వాడటం మన దగ్గర మొదలైంది కాబట్టి, ఆ అనుభవాన్ని ముందు పద్ధతిగా నమోదు చేయాలి.

అసలు చిక్కు ఇంకోటి. దేశంలో లక్ష మందికి ఒక మానసిక వైద్యుడు కూడా లేడు. 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, జబ్బును బట్టి మానసిక రోగుల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదని తేలింది. ఒక్క రోగి దగ్గర ఇద్దరు మనుషులు ఎనిమిది గంటలు కూర్చునే చికిత్స ఇది. జిల్లా ఆసుపత్రి ఓపీలో ఉదయం నుంచి వరసలో నిలబడ్డ మనిషికి ఈరోజు డాక్టరుతో దక్కేది కొద్ది నిమిషాలే, చేతికొచ్చేది పాత చీటీయే. సిలోసైబిన్ వచ్చినా రాకపోయినా ఆ మనిషికి ముందుగా కావలసింది తలుపు మూసుకుని కూర్చోగలిగే ఒక గది, చెప్పేది పూర్తిగా వినేందుకు ఒక మనిషి. బడ్జెట్‌లో వాటికి పద్దు రాయడానికి ఏ పరిశోధన ఫలితం కోసమూ ఆగనక్కర్లేదు.