పని వదిలేసిన కండకే కసరత్తు

నెల్లూరు తీరంలో ఒడ్డు నుంచి అలివి వల లాగేవాళ్లను కాసేపు గమనించండి. మడమలు ఇసుకలో తన్నిపట్టి, నడుము వెనక్కి వాల్చి, తాడును గుంజుతారు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన పిడికిలి, ముంజేయి, వీపు గట్టిపడతాయి. బరువును ఎదుటికి నెట్టడం, తల మీదికి లేపడం మాత్రం ఆ పనిలో తక్కువ. బల్ల ముందు కూర్చుని పనిచేసే కుర్రాడిది మరో లోపం. రోజంతా భుజాలు ముందుకు వంగి ఉంటాయి. సాయంత్రం జిమ్‌కెళ్లి అద్దంలో కనిపించే ఛాతీకి, చేతులకే సమయమంతా ఇస్తాడు. వీపు, తొడలు అలాగే ఉండిపోతాయి. ఈ ఇద్దరికీ ఒకే కసరత్తుల పట్టిక ఇవ్వడం తప్పు. మన పని ఏ కండను వదిలేస్తోందో చూసుకుని, దాని నుంచే కసరత్తు మొదలుపెట్టాలి.

వల లాగేవాళ్లకు, రొయ్యల గుంటల దగ్గర మేత బస్తాలు మోసేవాళ్లకు మళ్లీ కసరత్తు దేనికని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అలసిన ఒంటికి ముందు విశ్రాంతి కావాలి. అయితే చాకిరీలో బరువు మన చేతిలో ఉండదు. వాడిన కండనే వాడుతుంది, నొప్పి పుట్టినా ఆగనివ్వదు. కసరత్తులో బరువును కొద్దికొద్దిగా పెంచుకుంటాం, మధ్యలో ఆగుతాం, వెనకబడిన భాగాన్ని ముందుకు తెచ్చుకుంటాం. పెద్దలు వారానికి కనీసం రెండు రోజులు ప్రధాన కండరాలన్నిటికీ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో సూచించింది. అందులో ‘అన్నిటికీ’ అన్న మాటే కీలకం. సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. అంత బరువు చేతుల బలంతోనే లేవదు. పాదం, తొడ, నడుము, భుజం కలిసిరావాలి.

జిమ్ ఫీజు కట్టలేని ఇళ్లున్నాయి, నిజమే. దండీలకు, బస్కీలకు ఖర్చు లేదు. సంచిలో ఇసుక నింపితే బరువు సిద్ధం. వల లాగేవారు దండీలు తీసి, తేలికపాటి సంచిని తలపైకి ఎత్తాలి. కూర్చుని పనిచేసేవారు బస్కీలు తీయాలి, సంచిని నడుము వైపు లాగాలి. నొప్పి ఉన్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి. మరపడవల వేటకు విరామమిచ్చే 61 రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, తీరంలో దీనికి మంచి అదను. జిమ్ శిక్షకులకు ఒక్క విన్నపం: కొత్తగా చేరిన కుర్రాడి చేతిలో డంబెల్ పెట్టేముందు, ‘ఏం పని చేస్తావు నాయనా?’ అని అడగండి.