సీనియర్‌కి దండం పెడదాం, సీటు మాత్రం రింగులోనే తేలాల

మైక్ టైసన్, జేక్ పాల్ ఫైటు ముక్కలు ఇంకా మన కుర్రాళ్ల ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. 2024 నవంబరులో అమెరికాలో జరిగిందది. టైసన్‌కి 58 ఏళ్లు, పాల్‌కి 27. రెండేసి నిమిషాల రౌండ్లు ఎనిమిది ఆడించి కుర్రోడు గెలిచాడన్నారు. దానికి టైటిలూ లేదు, పాడూ లేదు. పెద్దాయన పేరు అమ్మీసి డబ్బు చేసుకున్నారు, అంతే. శ్రీకూర్మంలో టీ కొట్టు దగ్గర ఓ తమ్ముడు "అయ్యో పాపం టైసన్" అన్నాడు. నాకైతే పాపం అనిపించలేదు. అతనికి ముట్టాల్సింది ముట్టింది.

అసలు పాపం 1980 అక్టోబరు 2న లాస్‌వేగాస్‌లో జరిగింది. హెవీవెయిట్ టైటిల్ ఫైటు. ఛాంపియన్ లారీ హోమ్స్, ఎదురుగా 38 ఏళ్ల మహమ్మద్ అలీ. ఒకప్పుడు అలీ దగ్గర ప్రాక్టీసు దెబ్బలు కాసినోడే ఈ హోమ్స్. అలీ చేతులు లేవట్లేదు, కాళ్లు కదలట్లేదు. పెద్దాయన్ని కొట్టలేక, ఇక ఆపండన్నట్టు రిఫరీ వైపు చూశాడు హోమ్స్. పదో రౌండ్ అయ్యాక అలీ కోచ్ ఏంజెలో డండీ ఆపించాడు. అలీని ముందే వద్దన్నోళ్లు లేకపోలేదు. టికెట్లు అమ్ముకునేవోళ్లకి ఆ మాట చెవికెక్కదు కదా.

మన తెలుగు గుంట కథలో ఇదే లెక్క తిరగబడింది. ఇక్కడ వయసు పైబడినావిడే ఛాంపియను. బరువు కూడా హెవీ కాదు, 51 కిలోలు.

నిఖత్ జరీన్‌ది నిజామాబాద్. 2009లో మన విశాఖలోని సాయ్ సెంటర్‌కి వచ్చి ఐ.వి. రావు గారి దగ్గర నేర్చుకుంది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియనైంది. అదే బరువులో ఆమెకి అడ్డంగా మేరీకోమ్ ఉంది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్, లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం, మణిపూర్ పల్లెటూరి పేదింటి నుంచి వచ్చిన పిల్లల తల్లి. ఆవిడ మీద గౌరవం లేనోడెవడు?

2019లో ప్రపంచ పోటీలకి ట్రయల్ పెట్టకుండానే మేరీకోమ్‌ని పంపారు. ఆమె కాంస్యం తెచ్చింది. ఇక ఒలింపిక్ క్వాలిఫయర్‌కి కూడా ట్రయల్ అక్కర్లేదన్న మాట బాక్సింగ్ సమాఖ్య నుంచి వచ్చింది. అప్పుడు, అక్టోబరులో, 23 ఏళ్ల నిఖత్ క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకి ఉత్తరం రాసింది. సీటు ఇమ్మని అడగలేదు తమ్ముడూ, న్యాయంగా ట్రయల్ పెట్టమంది. అంతేటి! దానికే పెద్ద రచ్చ. షూటర్ అభినవ్ బింద్రా లాంటోళ్లు ఒకరిద్దరు ఆమె పక్కన నిలబడ్డారు గానీ, "నిన్నగాక మొన్నొచ్చిన పిల్లకి ఇంత పొగరా" అన్నోళ్లే ఎక్కువ.

డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీకోమ్ 9-1తో గెలిచింది. గెలిచి, నిఖత్‌తో చేయి కూడా కలపలేదు.

"చూసావా, ఆ మాత్రానికి అంత గొడవెందుకు" అన్నారు అప్పుడు. నాను ఒప్పుకోను. ఓడిపోవడానిక్కూడా ఓ చోటు కావాల కదా! ఆ చోటు కోసమే ఆ గుంట కొట్లాడింది. మేరీకోమ్‌కి కూడా ఆ ట్రయల్ మేలే చేసింది. టోక్యోకి వెళ్లినప్పుడు ఇది నాకు ఊరికే ఇచ్చిన సీటు అని ఎవడూ అనలేకపోయాడు. అక్కడ కొలంబియా బాక్సర్ వలెన్సియా చేతిలో 3-2తో ఓడింది. 2022లో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియనైంది, 2023లో ఢిల్లీలో మళ్లీ.

ఇక్కడితో ఆపితే సినిమా కథలా సుబ్బరంగా ఉంటాది. గానీ అదే 2023 పోటీల ముందు ఇంకోటి జరిగింది. సమాఖ్య ట్రయల్స్ తీసేసి, క్యాంపులో మార్కులేసి జట్టుని ఎంచింది. అంతకుముందు జాతీయ పోటీల్లో బంగారాలు గెలిచిన ముగ్గురమ్మాయిలకి చోటు దొరకలేదు. ఢిల్లీ హైకోర్టుకెళ్లారు. కోర్టు జోక్యం చేసుకోలేదు. వాళ్ల స్థానాల్లో వెళ్లినోళ్లలో నీతూ ఘంఘస్ బంగారమే తెచ్చింది. "మా ఎంపిక కరెక్టేగా" అని సమాఖ్య అనొచ్చు. పతకం వచ్చింది నిజమే. మిగిలిన ముగ్గురు ఏ పంచ్ తక్కువై ఆగిపోయారో రింగులో ఎవులూ చూడలేదు, అదీ నిజమే.

మీకు ఇది నాను చెప్పక్కర్లేదు. గార రోడ్డు మీద తెల్లారకముందే ఆర్మీకని, పోలీసుకని పరిగెడతన్న మన కుర్రాళ్లకి 1600 మీటర్లంటే ఏటో తెలుసు. స్టాప్‌వాచీ నీ కులం అడగదు, మీ మావ ఏ పార్టీ అని అడగదు. సెకను ఎక్కువైతే ఇంటికెళ్తావు, ఏడుస్తావు, మళ్లీ వచ్చే ఏడు పరిగెడతావు. కడుపు మండేది ఎక్కడంటే, పరుగే పెట్టకుండా లిస్టు వచ్చీసినకాడ. కబడ్డీ, వాలీబాల్ జట్లకి అలగ రాసుకొచ్చిన లిస్టులు మనం చూడలేదేటి? సీనియర్ కదా, పోనీలే అని తలూపుకొచ్చాం.

నిఖత్‌కిప్పుడు తెలంగాణ పోలీసులో డీఎస్పీ ఉద్యోగం ఉంది. ముప్పయ్యో పడిలోకి వచ్చింది, అంటే ఇప్పుడు సీనియర్ ఆమే. రేపు విశాఖ నుంచో నిజామాబాద్ నుంచో ఇంకో ఇరవై ఏళ్ల గుంట లేచి "అక్కా, నీతో ట్రయల్ కావాల" అంటాది. అప్పుడు సమాఖ్య ఏమంటాదో గానీ, నిఖత్ ఏమంటాదో వినాలని ఉంది నాకు.

ఈలోగా మన జిల్లా సెలక్షన్లకి వెళ్లేవోళ్లు కాస్త నోరు తెరవండి. ట్రయల్ తేదీ ఎప్పుడు? మార్కులు ఎవులేశారు? ఆ కాగితం గోడకి అంటించారా లేదా?