మెహమాన్ చేతిలో కాగజ్ ఉండాలి

థాయ్ భాషలో 'ఖేక్' అని ఒక మాట ఉంది. మెహమాన్ అని అర్థం. ఇంటికొచ్చిన చుట్టాన్నీ ఖేక్ అంటారు, ఇండియా నుంచి వచ్చినవాణ్నీ ఖేక్ అంటారు, అరబ్బునీ మలయ్ ముసల్మాన్‌నీ కూడా అదే అంటారు. ఆ మాటలో కాస్త ఇజ్జత్ ఉంది, కాస్త దూరం ఉంది, పలికే నోటిని బట్టి ఒక్కోసారి కాస్త వెక్కిరింత కూడా ఉంటుంది. పరదేశీల విషయంలో థాయ్‌లాండ్ కానూన్ అంతా నాకు ఈ ఒక్క మాటలోనే కనిపిస్తుంది. ఎన్నేళ్లున్నా నువ్వు మెహమాన్‌వే. మకాన్‌దార్‌వి కావు.

ఇది ఆ దేశం మీద షికాయత్ కాదు. ఏ ముల్క్ కానూన్ ఆ ముల్క్‌ది. నా షికాయత్ మన ఘరానాల మీద.

మన మొహల్లాల్లో అమ్మాయికి రిష్తా వస్తే ఎంత తహ్‌ఖీఖ్ చేస్తాం! అబ్బాయి ఏ మస్జిద్‌లో నమాజ్ చదువుతాడు, వాళ్ల ఖాలూ ఏం చేస్తాడు, ఇంటి మీద కర్జా ఉందా, అన్నీ కనుక్కుంటాం. మూడు నెలలు పట్టినా తొందరపడం. అదే మన అబ్బాయికి బ్యాంకాక్‌లో నౌకరీ అని వాట్సాప్‌లో ఒక కాగజ్ వస్తే మూడు రోజుల్లో అమ్మీ గాజులు తాకట్టులోకి పోతాయి, టికెట్ చేతికొస్తుంది. కంపెనీ ఎక్కడుందో ఎవరూ అడగరు. అడిగితే 'ఏజెంట్ మనోడే' అంటారు.

మనకు పరదేశం అంటే ఇన్నాళ్లూ గల్ఫే. అక్కడి తరీఖా మన ఇళ్లల్లో ముసలమ్మలకు కూడా తెలుసు. కఫీల్ ఉంటాడు, అఖామా ఉంటుంది. కఫీల్ మంచోడైతే జిందగీ ఓకే, చెడ్డోడైతే బర్బాద్. ఆ అలవాటుతోనే థాయ్‌లాండ్‌ను చూస్తున్నాం. అక్కడ లెక్క వేరు. లోపలికి రానిచ్చే వీసా ఒకటి, ఉండనిచ్చే గడువు ఒకటి, పని చేయనిచ్చే వర్క్ పర్మిట్ ఒకటి, బయటికి పోయి తిరిగి రానిచ్చే రీఎంట్రీ పర్మిట్ ఒకటి. నాలుగూ నాలుగు కాగితాలు. ఒకటి ఉంటే ఇంకోటి ఉన్నట్టు కాదు.

మన వాళ్లు ఎక్కువ మోసపోయేది మొదటిదాని దగ్గరే. 2023 నవంబర్ నుంచి భారతీయులు వీసా లేకుండా థాయ్‌లాండ్ వెళ్లే సౌకర్యం వచ్చింది. 2024 జులైలో దాన్ని 60 రోజులకు పెంచారు. ఇలాంటి గడువులు అక్కడ మారుతూనే ఉంటాయి, కాబట్టి వెళ్లే ముందు ఎంబసీ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి. గడువు ఎంతైనా, అది తిరగడానికి ఇచ్చిన ఇజాజత్. నౌకరీకి కాదు. 'ముందు టూరిస్ట్‌గా రా, తర్వాత మార్పిస్తాం' అని ఏజెంట్ అన్నాడంటే, ఆ 'తర్వాత' వచ్చేదాకా చేసే ప్రతి రోజు పనీ నేరమే. 2017లో తెచ్చిన విదేశీ కార్మికుల కానూన్, 2018 సవరణ తర్వాత, పర్మిట్ లేకుండా పనిచేసినవాడికి 5,000 నుంచి 50,000 బాత్ దాకా జుర్మానా వేస్తుంది, దేశం నుంచి పంపించేస్తుంది. పెట్టుకున్న యజమానికీ జుర్మానా ఉంది. కాని యజమాని తన ఇంట్లోనే ఉంటాడు. పోయేది మనోడు.

పర్మిట్ ఉన్నా అన్ని పనులూ చేయనివ్వరు. డ్రైవింగ్, జుట్టు కత్తిరించడం, టూరిస్ట్ గైడ్, థాయ్ మసాజ్, రత్నాలు కోసి సానపట్టడం, ఇలా కొన్ని పనులు థాయ్ వాళ్లకే. వాళ్ల రోజీ వాళ్లు కాపాడుకుంటున్నారు. జీతానికీ ఒక లెక్క ఉంది. మామూలు కంపెనీలో పనిచేసే భారతీయుడికి ఏడాది గడువు ఇవ్వాలంటే నెలకు కనీసం 35,000 బాత్ జీతం చూపించాలనేది అక్కడి ఇమిగ్రేషన్ నియమం. ఆఫర్ లెటర్ మీద 18,000 బాత్ అని ఉంటే ఆ కాగజ్ గురించి ఇంకో సవాల్ అక్కర్లేదు.

రోజువారీ జిందగీలో కూడా మెహమాన్ హాజరీ వేయించుకుంటూ ఉండాలి. దిగిన 24 గంటల్లో ఇంటి యజమాని ఇమిగ్రేషన్‌కు ఖబర్ ఇవ్వాలి. దాన్ని టీఎం 30 అంటారు. ఇవ్వాల్సింది యజమానే, కాని ఇవ్వకపోతే తర్వాత కౌంటర్ దగ్గర ఆగిపోయేది కిరాయిదారు పనే. ఎక్కువ కాలం ఉండేవాళ్లు ప్రతి 90 రోజులకోసారి 'నేను ఇక్కడే ఉన్నాను' అని రిపోర్ట్ చేయాలి. ఆలస్యంగా వెళ్తే 2,000 బాత్. ఏడాది గడువు చేతిలో ఉన్నా, రీఎంట్రీ పర్మిట్ లేకుండా బక్రీద్‌కి ఇంటికొస్తే ఆ గడువు అక్కడితో ఖతమ్. ఒక్కసారికి ఆ పర్మిట్ 1,000 బాత్, ఎన్నిసార్లైనా తిరగాలంటే 3,800. వెయ్యి బాత్ మిగిలిందనుకుని ఏడాది పోగొట్టుకోవడం అన్నమాట.

గడువు దాటితే రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000. చాలామంది ఇక్కడే ఆగిపోతారు: 'ఎంతైనా 20,000 కదా, కట్టేస్తాం'. 2016 నుంచి అంత సస్తా కాదు. 90 రోజులు దాటి, తనంతట తాను వచ్చి వెళ్లిపోయేవాడికి ఏడాది నిషేధం. ఏడాది దాటితే 3 ఏళ్లు, మూడేళ్లు దాటితే 5, ఐదు దాటితే 10. అదే రోడ్డు మీద పోలీసుకు దొరికితే, దాటింది కొన్ని రోజులే అయినా 5 ఏళ్లు మళ్లీ అడుగు పెట్టనివ్వరు. ఎయిర్‌పోర్ట్‌కి తానుగా వెళ్లినవాడికీ పట్టుబడినవాడికీ అంత తేడా.

ఇంకో మాట. అక్కడి కాగితాల మీద తారీఖు బుద్ధుడి శకంలో ఉంటుంది. 2568 అని ఉంటే 2025 అన్నమాట, 543 తీసేయాలి. చిన్న విషయమే, కాని కాంట్రాక్ట్ ఎప్పుడు ముగుస్తుందో తెలియకుండా సంతకం పెట్టడం చిన్న విషయం కాదు.

మా గల్లీలో ఒక ఆపా తన కొడుకు ఆఫర్ లెటర్ తెచ్చి నాకు చూపించింది. 'బేటా, నువ్వు అఖ్బార్ వాడివి, చదివి చెప్పు' అంది. డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగం, జీతం లక్షన్నర రూపాయలు, భోజనం, రూమ్ ఫ్రీ. ఇంటర్వ్యూ పది నిమిషాలు, ఫోన్‌లో. వర్క్ పర్మిట్ గురించి ఒక్క ముక్క లేదు. దిగాల్సింది బ్యాంకాక్, అక్కడి నుంచి కారులో మే సోట్. నేను ఆమెకు ఫోన్‌లో మ్యాప్ తీసి చూపించాను. మే సోట్ బ్యాంకాక్‌కు దాదాపు 500 కిలోమీటర్లు. ఊరి అంచున మోయి నది. నది అవతల మయన్మార్, మ్యావడీ. 'ఆపా, బ్యాంకాక్‌లో ఆఫీసు ఉన్నోడు మీవాణ్ని నది ఒడ్డుకు ఎందుకు తీసుకెళ్తాడు?' అన్నాను. ఆమె చాలాసేపు ఆ మ్యాప్‌నే చూసింది. కొడుక్కి కోపం వచ్చింది. ఏజెంట్‌కు అప్పటికే ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కి రాలేదు. వాడు ఇంట్లో ఉన్నాడు, షుకర్.

అందరి కొడుకులూ ఇంట్లో లేరు. భారత విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరించింది: థాయ్‌లాండ్‌లో ఉద్యోగమని చెప్పి ఐటీ తెలిసిన కుర్రాళ్లను మయన్మార్‌లోకి దాటిస్తున్నారని. అక్కడ కాంపౌండ్లలో కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయిస్తారు. టార్గెట్ అందకపోతే దెబ్బలు. 2025 మార్చిలో మన వాయుసేన రెండు విమానాలు మే సోట్ నుంచి 549 మందిని వెనక్కి తెచ్చాయి. వాళ్లలో మన తెలుగు కుర్రాళ్లూ ఉన్నారు. నది దాటేటప్పుడు పాస్‌పోర్ట్ మీద ముద్ర పడదు. అంటే మయన్మార్ లెక్కలో వాడు చొరబాటుదారు. మోసపోయినవాడే ముల్జిమ్‌లా నిలబడాలి.

మన సర్కార్ ఇచ్చే హిఫాజత్‌లో ఒక వింత ఉంది. పదో తరగతి పాస్ కానివాళ్ల పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని ఉంటుంది. వాళ్లు పనికోసం 18 దేశాలకు వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ 18లో థాయ్‌లాండ్ ఉంది. క్లియరెన్స్‌తో పాటు 10 లక్షల బీమా కూడా వస్తుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు. అంటే చదువురాని మేస్త్రీ కాగజ్‌ను ఎవరో ఒకరు చూస్తారు. డిగ్రీ చదివిన కుర్రాడి కాగజ్ ఎవరూ చూడరు. వాడికి చదువుంది కదా అని. మోసగాళ్లు వల వేస్తున్నది సరిగ్గా వాడికే. అందుకే ఆ తహ్‌ఖీఖ్ ఇంట్లో జరగాలంటున్నాను. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషుల్ని పంపే ఏజెంట్ రిజిస్టర్ అయి ఉండాలి. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అతను తీసుకోగల ఫీజు 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతే. రెండు లక్షలు అడిగినవాడు మీ ఖాలా కొడుకైనా సరే, నో చెప్పండి.

కానూన్ అంటే భయం ఒక్కటే కాదు, హక్ కూడా. సరైన కాగజ్‌తో పనిచేసేవాడికి థాయ్ కార్మిక చట్టం 1998 నుంచి అండగా ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48. 120 రోజులు పనిచేసినవాణ్ని కారణం లేకుండా తీసేస్తే కనీసం 30 రోజుల జీతం ఇవ్వాలి. ఇది థాయ్ వాడికీ మనవాడికీ ఒకటే. కాని ఈ హక్ అడగాలంటే నువ్వు ధైర్యంగా ఆఫీసులోకి నడిచి వెళ్లగలగాలి. పర్మిట్ లేనివాడు ఏ ముఖంతో వెళ్తాడు? యజమానికి కావలసిందీ అదే.

ఇప్పుడు ఘర్ వాళ్లందరూ వినాల్సిన సంగతి. నిఖా.

థాయ్‌లాండ్‌లో ముసల్మాన్‌గా బతకడం కష్టం కాదు. అక్కడ షేఖుల్ ఇస్లామ్ పదవి ఉంది, చులారాజమంత్రి అంటారు, అయుత్తయ రాజుల కాలం నాటిది. హలాల్ ముద్ర ఉన్న సామాను దుకాణాల్లో దొరుకుతుంది. 'మూ' అంటే పంది అని ఒక్క మాట నేర్చుకుంటే హోటల్లో సగం ఫికర్ తీరుతుంది. బ్యాంకాక్‌లో బాంగ్ రాక్ దగ్గర హారూన్ మస్జిద్‌లో జుమాకి రకరకాల దేశాలవాళ్లు కనిపిస్తారు. ఇదంతా చూసి మనవాళ్లు అనుకుంటారు, మస్జిద్‌లో ఇమామ్ సాబ్ నిఖా చదివితే ఖుబూల్ అయిపోయిందని. దీన్ దృష్టిలో అయింది. కానూన్ దృష్టిలో కాలేదు. థాయ్ సివిల్ కోడ్ ప్రకారం జిల్లా ఆఫీసులో రిజిస్టర్ అయితేనే అది షాదీ. దక్షిణాన పట్టానీ, యాలా, నరాతివాత్, సతూన్ అనే నాలుగు ప్రావిన్సుల్లో మాత్రం 1946 చట్టం కింద, ఇరువైపులా ముసల్మాన్‌లైన కుటుంబ, విరాసత్ కేసులు షరియత్ ప్రకారం నడుస్తాయి, జడ్జి పక్కన ఖాజీ కూర్చుంటాడు. బ్యాంకాక్‌లో ఆ సౌకర్యం లేదు.

రిజిస్టర్ కాని షాదీలో బిడ్డ పుడితే కానూన్ లెక్కలో ఆ బిడ్డ తల్లికే చెందుతుంది. తండ్రి తర్వాత షాదీ రిజిస్టర్ చేయించాలి, లేదా బిడ్డను తనదిగా నమోదు చేయించాలి, లేదా కోర్టుకెళ్లాలి. అప్పటిదాకా అబ్బా అని పిలిపించుకునే మనిషి కాగజ్ మీద ఎవరూ కాడు. ఇటు ఊళ్లో ఒక బీవీ ఉండగా అక్కడ ఇంకో నిఖా చేసుకునేవాళ్లకు కూడా చెప్తున్నాను. ఆ రెండోది అక్కడ రిజిస్టర్ కాదు. ఒక బంధం ఉండగా ఇంకోటి థాయ్ కోడ్ ఒప్పుకోదు. ఆ ఆడమనిషికి కానూన్ ముందు బీవీ హక్ నువ్వు ఇవ్వలేవు. హక్ ఇవ్వలేని చోట నిఖా పేరెత్తడం ఇన్సాఫ్ కాదని నా అభిప్రాయం.

ఇక్కడి నుంచి బీవీని తీసుకెళ్లాలన్నా కాగజే. నేను ఉర్దూ మీడియంలో చదివాను, నిఖానామా చదివేటప్పుడు నాకు ఆ భాషలోని నజాకత్ తెలుస్తుంది. థాయ్ ఇమిగ్రేషన్ అధికారికి అది గీతలే. కాబట్టి మ్యారేజ్ సర్టిఫికెట్, తర్జుమా, విదేశాంగ శాఖ అటెస్టేషన్ బయల్దేరకముందే ఇక్కడే చేయించుకోండి.

ఆ దేశం కానూన్ అందరికీ ఒకే ముఖం చూపిస్తుందని నేను అనడం లేదు. 50 ఏళ్లు దాటి బ్యాంకులో 8 లక్షల బాత్ ఉన్నవాడికి రిటైర్మెంట్ గడువు దొరుకుతుంది. బాగా డబ్బున్నవాడికి 2022 నుంచి పదేళ్ల వీసా ఉంది. 5 లక్షల బాత్ చూపించి ల్యాప్‌టాప్‌తో పనిచేసుకునేవాడికి 2024 నుంచి ఐదేళ్ల వీసా ఉంది. శాశ్వత నివాసం మాత్రం ఒక్కో దేశంవాళ్లకు ఏడాదికి 100 మందికే. జేబు నిండిన మెహమాన్‌కు దస్తర్‌ఖాన్, ఖాళీ జేబువాడికి గడప. దునియా అంతా ఇంతే. అందుకే మరీ అంటున్నాను. డబ్బున్నవాడు తప్పు చేస్తే వకీల్‌ను పెట్టుకుంటాడు. మన కుర్రాడికి ఉన్న ఒకే వకీల్ వాడి చేతిలోని కాగజ్.

కాబట్టి ఈసారి ఇంట్లో ఆఫర్ లెటర్ వస్తే అమ్మీలు, ఆపాలు, చెల్లెళ్లు అందరూ కూర్చుని అడగండి. వీసా ఏ రకం? వర్క్ పర్మిట్ ఎవరు తీస్తారు, ఎప్పుడు? ఆఫీసు ఏ ఊళ్లో? ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత? పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా, కాంట్రాక్ట్, మూడింటి నకలు ఇంట్లో పెట్టుకోండి. బ్యాంకాక్‌లో మన ఎంబసీ నంబర్, టూరిస్ట్ పోలీసు నంబర్ 1155, ఫ్రిజ్ మీద రాసి అతికించండి. ఈ సవాళ్లకు జవాబు చెప్పలేని ఏజెంట్‌కు చాయ్ ఇచ్చి పంపించేయండి. గాజులు అమ్మీ చేతికే ఉండనివ్వండి.