భూగర్భ జలము – ఊరి లెక్క

రాయలసీమయందును, తెలంగాణపు మెట్టప్రాంతములయందును నేటి సేద్యమునకు ముఖ్యాధారము గొట్టపుబావియే. బావు లెండిపోవుటయు, రైతు మఱింత లోతునకు త్రవ్వించి యప్పులపాలగుటయు మన మెఱిగినదే. వానదేవుని నిందించి యూరకుండుట సులభము. కాని దోషము మన యేర్పాటులలోనే కొంత గలదు.

1882వ సంవత్సరపు ఈజుమెంట్ల చట్టము ననుసరించి, తన భూమిక్రింది నీటిని తీసికొను హక్కు భూస్వామికి గలదు. నీరు మాత్రము సరిహద్దురాళ్లను గుర్తింపదు. గట్టిరాతి నేలలలో నది పగుళ్లయందే నిలుచును, నిలువయు స్వల్పము. నేడు నేను పొదుపుచేసినచో, ఆ నీటిని పొరుగువాడు తోడుకొనును. కావున ప్రతివాడును తొందరపడును. తోడిన లాభ మొక్కనిది. తఱిగిన నష్టము ఊరందఱిది. ఆర్థికశాస్త్రజ్ఞులు విపణివైఫల్యమనునది యిదియే.

దీనికి తోడు, 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సేద్యమునకు ఉచిత విద్యుత్తు నొసగెను. తెలంగాణమున 2018 జనవరి 1వ తేదినుండి ఇరువదినాలుగు గంటల సరఫరా యారంభమయ్యెను. కష్టములోనున్న రైతునకిది యూరట యగుట నిజము. దానిని ఆక్షేపించుట మా యుద్దేశము కాదు. కాని మఱియొక గంట తోడుటకు వ్యయము లేనప్పుడు పొదుపునకును కారణముండదు. లోతుగా త్రవ్వింపగల ధనవంతునకు నీరు దొరకును. త్రవ్వింపలేని చిన్నరైతు బావి యెండును. సమానముగా నొసగిన సాయము అసమానముగా ఫలించుచున్నది.

ఉమ్మడిసొత్తునకు ప్రైవేటు యాజమాన్యమో, ప్రభుత్వ నిర్బంధమో తప్ప గత్యంతరము లేదని 1968లో గారెట్ హార్డిన్ వాదించెను. మొదటిది మన చట్టముననే యున్నది, ఫలితము చూచుచున్నాము. రెండవదియు 2002లో నీరు, భూమి, చెట్ల చట్టరూపమున వచ్చెను. కచేరీలోని యనుమతిపత్రము పొలములోని మోటారును ఆపజాలదు.

మూడవ మార్గము గలదు. అనుభవించువారే నియమములు చేసికొని, ఒకరినొకరు కనిపెట్టుకొనినచోట ఉమ్మడిసొత్తు నిలుచునని ఎలినార్ ఆస్ట్రమ్ అనేక దేశముల నిదర్శనములతో చూపి, 2009లో నోబెలు బహుమాన మందెను. చెఱువునీటిని పంచు నీరటికాని నెఱిగిన మన యూళ్లకిది క్రొత్తవిద్య కాదు. ఈ శతాబ్దపు తొలి దశకమున ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురము, కడప, నల్లగొండ మొదలగు ఏడు జిల్లాలలో రైతులే వానను, బావుల మట్టమును కొలిచి, రబీకి ముందు ఊరి నీటిలెక్క వేసికొనిరి. ఆజ్ఞ లేకయే పలువురు వరిని తగ్గించి, తక్కువ నీటి పైరులు వేసిరి. మహారాష్ట్రమునందలి హివరేబాజారు గ్రామము సేద్యమునకు గొట్టపుబావులనే నిషేధించుకొనెను.

ప్రభుత్వమువారు ఊరూర మట్టపు కొలతలను బహిరంగపఱచి, గ్రామనిర్ణయమునకు చట్టబలము నొసగవలయును. కాని తొలియడుగు పెద్దరైతులదే. ఎక్కువ తోడువారు ముందుగా లెక్కకు నిలువనిచో, చిన్నరైతునకు పొదుపు బోధించు నర్హత యెవ్వరికిని లేదు. ఈ రబీకి ముందే ఊరివారు రచ్చబండకడ గూడి తమ బావుల లెక్క వ్రాసికొందురుగాక.