పిచ్చికుక్క కాటుకు వంశవృక్షం ఎందుకు?

"ఊళ్లో ఆసుపత్రిలో మందు లేదు, వీళ్లేమో వైరసుకు వంశవృక్షం గీస్తున్నారు! ఆకలిగొన్నవాడి ముందు అలంకారశాస్త్రం విప్పినట్టుంది." మొన్న మా కళాశాల అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు అన్న మాట యిది. మన దేశపు రేబీసు వైరసుల జన్యుపరిశీలన గురించి పత్రికలో ఏదో చదివి ఆయన అలా విసుక్కున్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన మనవాడే, పేదవాడి పక్షాన మాట్లాడుతున్నాననే అనుకుంటున్నాడు. అంచేతనే ఆయనకు సమాధానం చెప్పవలసి వున్నది. ఎదుటివాడు చేసే తప్పుకంటె మనవాడు చేసే తప్పు ఎక్కువ చేటు తెస్తుంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి వైరసు గొడవ ఎందుకని అడగవచ్చును. నిజానికి యీ విద్య మనకు కొత్తది కాదు. బ్రౌను కడపలో పండితులను కూర్చోబెట్టి కావ్యాల ప్రతులను పోల్చి చూపించినప్పుడు జరిగిన పని ఏమిటి? లేఖకుడు ఒకచోట తప్పు రాస్తాడు. అతని ప్రతి చూసి రాసుకున్నవాడు ఆ తప్పునూ రాసుకుంటాడు, తనదొకటి చేరుస్తాడు. ఒకే తప్పు రెండు ప్రతుల్లో కనిపిస్తే వాటికి మాతృక ఒకటేనని ఊహిస్తాము. రేబీసు వైరసు కూడా అటువంటి గ్రంథమే. సుమారు 12,000 అక్షరాలు, 5 జన్యువులు. ఒక జంతువునుంచి మరొక జంతువుకు పాకుతూ అది తనను తాను నకలు చేసుకుంటుంది, తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. ఆ తప్పులను వరసపెట్టి చదివితే ఏ ఊరి వైరసుకు ఏ ఊరి వైరసు చుట్టమో చెప్పవచ్చును. వంశవృక్షం అంటే ఇంతే.

మన దేశంలో అలా చదివినప్పుడు ఏం తేలింది? నమూనాలలో ఎక్కువ భాగం ఆర్కిటిక్ తరహా అనే శాఖకు చెందినవని తేలింది. దక్షిణాదిన భారత ఉపఖండ శాఖ అనే మరొకటి కూడా వున్నది. శ్రీలంక వైరసులు దీనికి చెందినవే. తేడాలు ఎన్ని వున్నా, ఇప్పుడు వాడుతున్న టీకా యీ రెండు శాఖలకూ పనిచేస్తుంది. ఈ ఒక్క సంగతి ఎంత పెద్దదో ఆలోచించండి. పిల్లవాడు చనిపోయినప్పుడు "ఇదేదో కొత్త తెగ, మందుకు లొంగలేదు" అని తప్పించుకునే దారి దీనితో మూసుకుపోతున్నది. గాయాన్ని పదిహేను నిమిషాలు సబ్బునీళ్లతో కడగాలని చెప్పినవాడు ఎవడు? లోతైన కాటుకు టీకాతోపాటు గాయంలోనే ఎక్కించవలసిన ఇమ్యునోగ్లోబులిన్ ఆ ఊరికి ఎందుకు చేరలేదు? వంశవృక్షం వైరసును విడిచి మనల్ని బోనెక్కిస్తున్నది.

ఇంకొక సాక్ష్యం ఆఫ్రికానుంచి వచ్చింది. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ రాజధాని బాంగీలో వైరసు జన్యుక్రమాలు చదివి 2016లో ఒక అధ్యయనం ప్రకటించారు. ఆ నగరంలో వ్యాధి దానంతటదే నిలిచివుండటం లేదు. బయటినుంచి మళ్లీ మళ్లీ వచ్చి పడుతున్నది. ఉత్తర ఆఫ్రికాను గురించి 2010లో వెలువడిన మరో అధ్యయనం, వ్యాధి రోడ్ల వెంట, మనుషుల ప్రయాణాల వెంట దూరాలకు పోతున్నదని చూపింది. కుక్క తన కాళ్లమీద పోయే దూరం తక్కువ. మన బండ్లమీద పోయే దూరం ఎక్కువ.

ఇప్పుడు మన దగ్గర జరిగిన రభస చూడండి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలను పట్టి షెడ్లలో పెట్టమని సుప్రీంకోర్టు ఉత్తర్వు వేసింది. అదే నెల 22న దాన్ని సవరించి, పిచ్చిపట్టినవాటినీ మీదపడి కరిచేవాటినీ మినహాయించి, తక్కినవాటికి ఆపరేషను చేసి టీకా వేసి వదలమన్నది. చదువుకున్నవాళ్లంతా కుక్కల పక్షం, మనుషుల పక్షం అని చీలి తిట్టుకున్నారు. నగరం తన హద్దుల్లో ఏం చేసినా పక్క జిల్లానుంచి బండిలో వ్యాధి దిగుతుందనే మాట ఆ గొడవలో వినబడనే లేదు. నూటికి 70 కుక్కలకు టీకా, ఏటేటా, పట్నమూ పల్లే కలిపి: పరిష్కారం అక్కడ వున్నది. అది పల్లెలకు డబ్బు ఖర్చుపెట్టవలసిన పరిష్కారం. తిట్టుకోవడం చవక.

మూడేళ్ల క్రితం నా క్లాసులో ఒక కుర్రవాడు నెలరోజులు కనబడలేదు. వచ్చాక చెప్పాడు. తమ్ముడికి తొమ్మిదేళ్లు. పొలంగట్టుమీద కుక్క కరిచింది. నాయనమ్మ కారం అద్ది గుడ్డ కట్టింది. ఆసుపత్రిలో ఒక సూది వేసి, రెండో మందు పట్నంలో దొరుకుతుందన్నారు. పట్నం పోతే కూలి పోతుంది. నలభై రోజులకు పిల్లవాడు గ్లాసులో నీళ్లు చూసి వణికిపోయాడు. చావు కాగితంలో మెదడువాపు అని రాశారు. లాలాజలం గాని, మెడవెనుక చర్మం చిన్నముక్క గాని తీసి పరీక్షకు పంపినవాడు లేడు. "సార్, మావాడు దేనితో పోయాడో కాగితంలో లేదు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఇటువంటి కాగితాల దేశంలో లెక్కలు ఎలా వుంటాయి? 2003 నాటి సర్వే ఏటా 20,000 చావులన్నది. 2005కు వేసిన మరో అంచనా 12,700 అన్నది. అందులో సగం పదిహేనేళ్ల లోపు పిల్లలు, నూటికి 91 మంది పల్లెవాళ్లు. దాదాపు ముప్పాతిక వంతు చావులు జరిగిన ఏడు రాష్ట్రాలలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2022-23లో జరిపిన సర్వే 5,726 అన్నది. తగ్గిందంటే సంతోషమే. కాని ఇవన్నీ సర్వేలమీద కట్టిన అంచనాలు. ఒక్కొక్క చావునూ పరీక్షించి చెప్పినవి కావు. బతికుండగా సూది అందనివాడికి, చచ్చాక అంకె కూడా అందలేదు.

మిత్రుని మాటలో నిజం కొంత వున్నది, దాచను. నమూనాలు వచ్చేది ప్రయోగశాలకు దగ్గరి ఊళ్లనుంచే. పటంమీద చుక్కలు దట్టంగా వున్నచోట వ్యాధి ఎక్కువని కాదు, ప్రయోగశాల దగ్గరని అర్థం. పరిశోధన పేరుకు, పదవికి మెట్టు కావడమూ వున్నది. దానికి విరుగుడు పరిశోధనను మానడమా, పల్లెదాకా తేవడమా?

చరిత్ర చూడండి. 1911లో కసౌలీలో సెంపుల్ గొర్రెమెదడుతో టీకా తయారుచేశాడు. కొందరికి ఆ మందే పక్షవాతం తెచ్చింది. అంతకంటె మేలైన టీకాలు వచ్చి డబ్బున్నవారికి దొరుకుతున్నా, సర్కారు ఆసుపత్రిలో పేదవాడి పొట్టమీద ఆ పాత సూదులే పొడిచారు. 2004 చివరిదాకా ఆ మందు తయారవుతూనే వున్నది. ఆ ఏర్పాటు వెనుక తర్కం ఏమిటి? పేదవాడికి ఇది చాలును. "పేదవాడికి మందు చాలు, శాస్త్రం ఎందుకు" అనే తర్కం దానికి దాయాది కాదా?

కుక్కలవల్ల వచ్చే రేబీసును 2030 నాటికి నిర్మూలిస్తామని ప్రభుత్వం 2021లో ప్రణాళిక ప్రకటించింది. వ్యాధి తగ్గినకొద్దీ యీ చదువు అవసరం పెరుగుతుంది. మిగిలిన ఒక్క కేసు ఇక్కడి నివురుగప్పిన నిప్పా, బయటినుంచి పడిన రవ్వా అని తెలియకపోతే గెలిచామని ఎలా చెబుతారు? అంచేత మనం అడగవలసింది రెండూ: ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు, ప్రతి జిల్లానుంచి నమూనా. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపొమ్మంటే ఒప్పుకోరాదు. మొదటిది రేపు కరవబడే పిల్లవాడికోసం. రెండోది, తమ్ముడు దేనితో పోయాడని నన్ను అడిగిన ఆ కుర్రవాడికి బాకీ.